ఐమూల

శుక్రవారం పొద్దున ఫర్వానియాలో
పెంచలమ్మ గదిలో మంచం ఎత్తి గోడకి నిలబెడితే
నాకు కత్తిరించుకోడానికి నేల దొరుకుద్ది.
మిషను కిటికీ పక్కన. ఏసీ మూలుగుతానే ఉంటది.

గుడ్డకి రెండే దార్లనుకుంటారు,
పడుగూ పేకా.
నిలువున లాగండి, రాదు.
అడ్డంగా లాగండి, కాస్త మొహమాటపడి ఆగిపోద్ది.
ఐమూలగా పట్టుకుని లాగి చూడండి,
అప్పుడు తెలుస్తది లోపలెంత దాచుకుందో.
మలికిపురంలో నాకు కుట్టు నేర్పిన సత్యవేణి గారు
ఇదంతా నోటితో చెప్పలేదు.
రెండు కొసలూ నా చేతిలో పెట్టి
"లాగు" అన్నారంతే.

ఇక్కడ పనోళ్ళకిచ్చే యూనిఫారం చూశారా?
గులాబీదో నీలందో, తెల్ల కాలరు, అంతా పాలిస్టరు.
ఆగస్టులో ఆ కాలరు మెడ మీద రంపం.
ఖైరున్నీసా మెడ చుట్టూ ఎర్రటి చార,
పైన పౌడరు.
బజార్లో పట్టీ చుట్ట కొన్నానొకసారి,
గంజి పెట్టిన కాగితంలా ఉంది.
ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయి
మెడని ఇంకా గట్టిగా పట్టుకుంది.

మంచి గుడ్డ దొరికింది మా బాబా పోయాక.
ఆయన దిష్‌దాషాలు పదకొండు, అసలు నూలువి,
నల్ల సంచిలో కుక్కి
"బయట పెట్టెయ్" అంది మామా.
నాలుగేళ్ళు ఉతికింది నేను, ఇస్త్రీ చేసింది నేను.
ఏ చంకలో మరక పోలేదో తెలుసు.
మడత నిలవలేదని
ఆయన నా మొహాన విసిరింది ఏదో, అదీ తెలుసు.
"నేను తీసుకోనా?" అన్నాను.
నేను ఆ ఇంట్లో ఉన్నానని అప్పుడే గుర్తొచ్చినట్టు చూసి
తలూపింది.

మూల మడిచి అంచు మీదకి తేవాలి.
మడత పడిన చోటే గీత, అక్కణ్ణించి
వేలున్నర వెడల్పున వరసగా.
తెల్ల గుడ్డ మీద సబ్బుముక్క కనపడదు, పెన్సిలు కావాలి.
పేలికలన్నీ పొట్టివొస్తాయి. అతకాలి.
కొస మీద కొస అడ్డంగా పెట్టి
అతుకు కూడా ఐమూలగానే పోవాలి,
లేదంటే మెడ దగ్గర గడ్డలా తగులుద్ది.
శ్రీలంక కుసుమ తిన్నగా కుట్టేసింది.
విప్పించాను.
సింహళంలో ఏదో అంది. అర్థం అడగలేదు.

దుప్పట్లో పొడుగాటి గుండుసూది గుచ్చి
మధ్యలో వేలెడు సందు వదిలి
అందులోంచి పట్టీని లాగుతాను.
ఇటు చదునుగా వెళ్ళింది
అటు రెండు రెక్కలూ ముడుచుకుని వస్తది,
వెనకాలే ఇస్త్రీపెట్టె.
చూసేవాళ్ళకి తేలిక.
లాగాలి, సాగకూడదు.
పెంచలమ్మ టీ పెట్టి పిలుస్తది.
"ఉండవే, సందులో ఉన్నాను" అంటాను,
నవ్వుద్ది.

ఎంత మెత్తగా ఉందో, ఖైరున్నీసా చెంపకి ఆనించుకుంది.
"పెద్దోళ్ళ గుడ్డ కదా" అంది.
కాదమ్మా,
కొన్న రోజున అది అట్టలా ఉండేది.
ఈ మెత్తదనం నా చేతుల్లోంచి పోయింది.

కాలర్లు కోసేశాం. మెడ వంపంతా పట్టీ
చెప్పిన మాట విని తిరిగింది,
ఎక్కడా ముడత లేదు.
ఆదివారం ఖైరున్నీసా మామా అడిగిందంట,
"కాలరేదీ? అది లేకపోతే
నువ్వు పనిమనిషివని వచ్చినోళ్ళకెలా తెలుస్తది?"
"చేతిలో చీపురుంది కదా మామా" అందంట ఇది.
ఆవిడ నవ్విందో లేదో చెప్పలేదు.
యూనిఫారం మాత్రం మార్చలేదు.

ఇంకా ఆరు దిష్‌దాషాలున్నాయి.
విసిరికొట్టిన దాన్ని ఇంకా కొయ్యలేదు,
అడుగున పెట్టాను.
వచ్చే శుక్రవారం పెంచలమ్మ చెల్లెలొస్తదంట,
సాల్మియా నించి, ఇద్దర్ని వెంటబెట్టుకుని.
యూనిఫారాలు ఉతికి తెమ్మనండి.
పెన్సిలు అరిగిపోయింది, అదొకటి కూడా.