బెత్తెడు తలుపు

"కాన్సిల్" అన్నడు పోశెట్టి, ఫోను మీదికెళ్లి తల ఎత్తకుండ.
షార్జాల, సజా క్యాంపుల, పద్నాలుగో రూముల
ఆరు మంచాలు ఒక్కసారి గప్‌చుప్.
ఓదెలు చేతిల ఉల్లిగడ్డ సగం కోసి ఆగింది.
ఇక్కడ ఆ మాటకు ఒక్కటే అర్థం:
పాస్‌పోర్టు చేతికిచ్చుడు,
అప్పు అట్లనే ఉండంగ విమానం ఎక్కిచ్చుడు.
"ఎవలిదిరా?" అన్నడు లింబాద్రి, గొంతు తడారి.
"మనది కాదే. సీరియలుది."

ముందుగాల ఊపిరి వచ్చింది.
ఎన్క కోపం వచ్చింది.

రెండేండ్లు చూసినం.
మంచు దీవిల ఉత్తరాలు పంచే ఆడామె,
సంచి అడుగున ముప్పై ఏండ్ల పాత కవరు ఒకటి.
కథ కొరియాది. డబ్బింగుల మాత్రం
ఆమె అచ్చం కాకినాడ తీరు మాట్లాడేది.
"ఏవండీ" అన్నప్పుడల్లా పడి పడి నవ్వేటోళ్లం,
నవ్వి నవ్వి ఆమెకు సుట్టాలమైపోయినం.
నలభై ఎనిమిది డిగ్రీల ఎండల సలాకలు వంచి వచ్చి
మంచు చూసేటోళ్లం.
ఏసీ ఆగిపోయిన రాత్రి గూడ
ఆ తెల్లటి తొవ్వ చూసి
గంగారాం దుప్పటి మీదికి గుంజుకునేటోడు.

ఆఖరు భాగం ఆఖర్ల
ఆమె ఆ ఇంటి ముందట నిలబడి తలుపు కొట్టింది.
గొళ్లెం తీసిన చప్పుడు.
తలుపు బెత్తెడు తెరుసుకుంది.
తెర నల్లగైంది.
దాని మీద పేర్లు, పేర్లు, పేర్లు.

చూసేటోళ్లు చాలలేరంట.
అందుకే ఆపిండ్రంట.
ఆరుగురం గదరా బయ్!
పక్క రూము పెషావరాయన, మాట తెల్వకున్నా,
తలుపుకాడ నిలబడి కండ్లు తుడుసుకునేటోడు,
ఆయనతోటి ఏడుగురం.
ఒక్క ఫోను, ఒక్క పాస్‌వర్డు, తలా ఆరున్నర దిర్హాములు,
వాళ్ల లెక్కల మేమంత ఒక్కడే మనిషి.
మా ఫోర్మనే నయం,
హెల్మెట్లనన్న లెక్కవెడతడు.

అంతకుముందు నెల ఆ యాపే అడిగింది:
"మీరంత ఒక్క ఇంటోళ్లేనా?"
అవునంటే నమ్మలే. కోడు పంపిస్త అన్నది.
కోడు ఓదెలు ఫోనుకు పోయింది,
ఓదెలు ఇరవయ్యో అంతస్తు మీద, ఫోను కింద లాకర్ల.
పదిహేను నిమిషాలకు టైమైపోయింది.
ఒక్క పొయ్యి. ఒక్క బకీటు. ఒక్కటే అద్దం, అదీ పగిలింది.
ఒకనికి జ్వరమొస్తే వారంల ఆరుగురికి అంటుతది.
జీతం లేటయితే అందరి గంజిల ఒక్కటే ఉప్పు.
ఇంకేముంటది ఇల్లంటే?
ధర పెంచుతున్నమన్న మెసేజి మాత్రం
ఏ కోడు అడగకుండ ఠంచనుగ వచ్చింది,
తెలుగుల, నమస్కారం పెట్టి.

అప్పటిసంది లింబాద్రి రోజుకో తీరుగ తెరుస్తుండు ఆ తలుపును.
సోమారం లోపల ఆమె తల్లి ఉన్నది.
మంగళారం ఎవ్వలు లేరు, పిల్లి.
"పిల్లి గొళ్లెం ఎట్ల తీస్తదిరా?" అని గంగారాం కొట్లాట,
పప్పు అడుగంటేదాక.
ఓదెలు ఏమనేటోడు కాదు.
ఒక్కనాడు మాత్రం, బొగాన్లు కడుక్కుంట,
"ఉత్తరం ఇయ్యకనే మర్లిపోయిందేమో" అన్నడు,
"ఇచ్చేటోళ్లకు గూడ భయముంటది గద."

ఆగస్టుల కాన్సిల్ అయింది.
ఈసారి ఓదెలుదే.
ఖల్లివల్లి అన్నం, భుజం తట్టినం,
బ్యాగు రెండు కిలోలు ఎక్కువ తూగితే
బాదం పొట్లం తీసి మాకే ఇచ్చిండు.
మంచం పక్క గోడకు
పెన్సిలుతోని పాస్‌వర్డు రాసి పోయిండు.

ఆ మంచం మీదికి మెట్‌పల్లి పిలగాడు వచ్చిండు, మణిదీప్.
బూట్లకు ఇంకా అట్టపెట్టె వాసన పోలే.
గోడ చూసిండు, ఫోను తెరిచిండు,
వెతికి వెతికి గదే పెట్టిండు, మొదటి భాగం.
మంచు పడుతున్నది. ఆమె సంచి భుజానికేసుకుంది.
గంగారాం నోరు తెరవబోతే
పిలగాడు చెయ్యి అడ్డం పెట్టిండు:
"అన్నా, ముందు కథ చెప్పకుండ్రి. నేనే చూస్త."

ఐదుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
లింబాద్రి లైటు బందు చేసిండు.
నాలుగింటికి బస్సు.