మాఘంలో వచ్చింది

కాలం కాని కాలంలో వాయుగుండం
యారాడ కొండ అవతల మూడు రోజులు నిలబడి
పోనా మాననా అని తేల్చుకోలేక
చివరికి మా మీదే కుమ్మరించింది.
మాఘమాసం. మామిడి పూత రాలి
అడివివరం రోడ్డంతా పసుపు నలుసులు.

నాలుగో పొద్దున
అనాసతోట గట్టు దిగుతుంటే
చెదపుట్ట భుజం మీద
తెల్లగా, ఏడు.
తప్పు రైలెక్కి తెల్లారి దిగినవాళ్ళలా
ఒకరినొకరు ఆనుకొని.

గొంతుక్కూర్చుని చూశాను.
నడినెత్తిన బుడిపె, మేకు తలంత.
కాడకి ఉంగరం లేదు.
పుల్లతో తవ్వితే అడుగున సంచీ లేదు,
వేరు మాత్రం మూరెడు లోతైనా తెగకుండా
పుట్టలోకి తాడులా దిగుతూనే ఉంది.
అప్పుడే మరపట్టిన పిండి వాసన.
అన్నీ సరిపోయాయి,
నెల తప్ప.

మెట్ల దగ్గర సంపెంగలమ్మే అసిరితల్లి
సంచిలోకి తొంగిచూసి "ఏటివి?" అంది.
ఆరుద్రలో ఉరుము ఉరిమితే చాలు
చీకట్లోనే కొంగు దోపి కొండెక్కే మనిషి.
ఒకటి తిరగేసి, కింది రేకుల్ని గోటితో మీటి
పక్కన పెట్టేసింది.

చీమలు కొరికిన చోటు చూపించాను.
"సీమకేటి, అది ఏదైనా తింటాది."
వెండి వేసి ఉడికిద్దామన్నాను.
"మా సిన్మావ ఎండి మొలతాడేసి ఉడికించినాడు.
మొలతాడు తెల్లగానే ఉండిపోనాది.
ఆడే నల్లబడిపోనాడు."

రాత్రి ఒక గొడుగు కోసి
కరెంటు బిల్లు వెనకవైపు బోర్లించి
గ్లాసు మూశాను. ఫ్యాను కూడా వేసుకోలేదు.
తెల్లారి ఎత్తితే
లేత గులాబీ పొడి,
నడుమ నుంచి అంచుదాకా సన్నటి గీతలు.
పచ్చగా పడితే పారెయ్యాలి. పచ్చ కాదు.
పట్టుకెళ్ళి చూపించాను,
పదో తరగతి మార్కుల కాగితంలా.

చాలాసేపు చూసింది.
"కాయితం ఒప్పుకుందిలే బాబూ.
అదునులో అయితే కొండ మీద నలుగురం ఉంటాం,
నా సెయ్యి తప్పితే నూకాలు కన్ను పట్టుద్ది.
ఇప్పుడు నువ్వొక్కడివి, అదొక్కటి.
ఒక్కడి మాట మీద కుండ పొయ్యెక్కించకు."

మిగిలిన ఆరింటినీ
ఎక్కడివక్కడ పెట్టి వచ్చాను.
ఆ పూట వంకాయ కూర. ఉప్పెక్కువైంది.

గడువు తేదీన బిల్లు కట్టబోతే
కౌంటర్లో అమ్మాయి కాగితం తిప్పింది.
"ఏంటండీ ఇది, సూర్యుడా?"
వెనక లైను గొణుగుతోంది.
"మాఘంలో వచ్చిందమ్మా" అన్నాను,
"ఎవరో ఇంకా తెలీలేదు."