ముప్పై అయిదో గొట్టం

చీపురుపల్లి దాటాక, రైలుగేటు పక్కన
రేకుల దొడ్డి.
ముప్పై నాలుగు పందులు, ఒక గురమ్మ.

"నెత్తురు తీత్తావేటి బాబూ?
దగ్గు మొన్నే తగ్గిపోనాది కదా."

తగ్గింది.
మూడు రోజులు మేత ముట్టలేదట,
నాలుగోనాడు కుడితి తొట్టి బోర్లించాయట.
రోగం ఊరు దాటిపోయిన బస్సు.
నేను టైరు గుర్తులు వెతకడానికి వచ్చినవాణ్ణి.

మనవడు కొర్లయ్య మూతికి తాడేసి పట్టుకున్నాడు.
ఆ అరుపుకి
పలాస పాసింజరు కూత చిన్నబోయింది.

పదిహేను రోజులకి గరివిడి నుంచి కాయితం:
ముప్పై నాలుగింటిలో పంతొమ్మిదికి
ఫ్లూ జ్ఞాపకముంది.
కాయితం ఆ మాట అనదు, పాజిటివ్ అంటుంది.
అది ఇప్పటి జబ్బు కాదు,
ఎప్పుడో వచ్చి పోయిందని చెప్పబోతుంటే
గురమ్మ తడిక దగ్గరికి లాగింది.

"గట్టిగా అనకు.
టీకొట్టోడు విన్నాడంటే
ఆదోరం కిలో కూడా తెగదు."

కాసేపాగి, తవుడు కలుపుతూ,
"అయినా ఆటికి ఎవులిచ్చినారు?
శంబర జాతర్నుంచొచ్చి మా కొర్లిగాడు తుమ్మినాడు.
రెండ్రోజులకి పెద్దపంది తుమ్మింది."

ఫారంలో
పంది నుంచి మనిషికి బాణం గుర్తు
ముందే అచ్చేసి ఉంది.
పెన్సిలుతో
దాని రెండో కొనకీ మొన గీశాను.
పై ఆఫీసులో చెరిపేస్తారు, తెలుసు.

ఆ రోజు మిగిలిన గొట్టం
ఇంకా సంచిలోనే ఉంది, ఖాళీగా.
నా నెత్తురు ఎవరూ అడగలేదు.
ముక్కు తుడుచుకుని
బండి స్టార్ట్ చేశాను.