కాంథ

స్కానింగ్ గదిలోంచి వచ్చి రెండు వేళ్లు చూపించాను.
రెండు వేలనుకుని దండాసి
జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ రాత్రే టేపు పట్టుకున్నాం.
బరంపురంలో మా వీధి ఇళ్లన్నీ
రైలు పెట్టెలు తగిలించినట్టుంటాయి.
వీధి గుమ్మంలో నిలబడితే
పెరటి బావి గిలక కనబడుతుంది.
వెడల్పు తొమ్మిదడుగుల నాలుగంగుళాలు.
పొడవెంతుంటే ఏం లాభం,
పిల్లలు ఒకరి వెనక ఒకరు వరసగా నిద్రపోరు కదా.

ముందు గదిలో గుంట మగ్గం.
మగ్గం లేదు, గుంట ఉంది.
మా మావ కాళ్లాడించిన చోట
పలకలు పరిచి
బియ్యం డబ్బా, ఖాళీ సిలిండరు పెట్టి ఆరేళ్లు.

గోపాల్‌పూర్ రోడ్డులో ప్లాటొకటి చూశాం.
నాలుగు వైపులా గాలి.
నాలుగు వైపులా ఎవరూ లేరు.
ఇదిగో పార్కు, అదిగో బడి అంటూ బ్రోకరు
చేత్తో గాలిలో కట్టుకుపోతుంటే
మా లిప్స పీత కన్నం దగ్గర గొంతుక్కూచుని
"అమ్మా, దీనికి ఇల్లయిపోయింది" అంది.
ఐదువేలు బయానా ఇచ్చి వచ్చాం.
వచ్చే దారంతా ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు కూర్మారావు మేస్త్రి
డాక్టరు డొక్క మీద కొట్టినట్టు
గోడ మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.
పైకి లేపొచ్చు, రెండు గదులొస్తాయి.
అయితే ఈ గోడ మీ ఒక్కరిదీ కాదు,
అటు ఇంటి దూలాల కొసలు
ఇందులోనే కూచున్నాయి, అన్నాడు.
మళ్లీ కొట్టాడు.
లోపలి నుంచి
తిరిగి రెండు దెబ్బలు వినబడ్డాయి.
మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సంజుక్త మావుసి.
సోంపేట నుంచి నేనొచ్చిన కొత్తలో
ఈ గోడ చూపించి 'కాంథ' అంది.
కంత ఎక్కడా అని వెతికాను నేను.
ఆమె భాషలో గోడ, నా భాషలో బెజ్జం.
తరవాత్తరవాత ఇద్దరి మాటా నిజమైంది.
దీపం గూటి వెనక ఇటుకొకటి ఊడింది.
అందులోంచి అల్లం ముక్క, అగ్గిపెట్టె,
లిప్సకి జ్వరమొచ్చినప్పుడు థర్మామీటరు
ఇటూ అటూ తిరిగాయి.
తుఫాను రాత్రి
రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
కంతలోంచి చెయ్యొకటి వచ్చింది.
పట్టుకున్నాను.
తెల్లారాక ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఏటి కొలుస్తున్నారు?" అందిప్పుడు గోడ.
రెండు వేళ్లు కంతలో పెట్టి చూపించాను.
కాసేపు చప్పుడు లేదు.
తరవాత నా వేళ్ల చివర్లు పట్టుకుని ఊపింది.
"ఏ నెల?"
తన దూలాల సంగతి అడగలేదు.
అడిగుంటే బాగుణ్ణు.

రాత్రి దండాసి నోటుపుస్తకంలో
ఇనుము, ఇసుక, పోతే పోయే బయానా,
గుంట పూడ్చడానికి నాలుగు బళ్ల మట్టి.
"పూడిస్తే రెండు ఉయ్యాలలు పడతాయి" అన్నాడు.
అని, గుంట వైపు చూడకుండా
లైటు ఆర్పేశాడు.

పొద్దున లేచేసరికి
సిలిండరు పక్కకి దొర్లించి ఉంది,
పలకలు గోడకి చేరేసి ఉన్నాయి.
గుంటలో లిప్స.
నడుం దాకా నేలలో, మోచేతులు గచ్చు మీద.
గచ్చే ఆమెకి బల్లయింది.
రంగు పెన్సిళ్లు, సగం గీసిన పీత.
"ఇది నా గది.
రావాలంటే కాళ్లు కడుక్కు రండి."

తాత కాళ్లున్నచోట దాని కాళ్లు
ఊరికే ఆడుతున్నాయి.

దండాసి పుస్తకం తీసి
నాలుగు బళ్ల మట్టి కొట్టేశాడు.
మిగతావేవీ కొట్టెయ్యలేదు.
బ్రోకరుకి ఫోను చెయ్యలేదు, మేస్త్రికీ చెయ్యలేదు.

గోడ మందం కొలవలేదని గుర్తొచ్చి
టేపు కొస కంతలోకి తోశాను.
అటునుంచి ఎవరో అందుకున్నారు.
బిగించారు.
పద్దెనిమిదంగుళాలు.
దాన్ని ఎవరింట్లో కలపాలో
ఇంకా తేల్చుకోలేదు.