పొట్ట మీద పెంకు

ముందు థర్మోకోల్‌తో మొదలెట్టింది మా కెజియా.
ప్లాంటు వెనక పారేసిన ఐసు పెట్టెలు,
ఎంత కడిగినా నీచు వాసన వదలనివి,
సైకిలు మీద రెండు ట్రిప్పులు తెచ్చుకుంది.
జిగురు రాయగానే అవి పొంగి, కుంగి
పాకంలా కారిపోయాయి.
"పోతే పోయిందిలే" అన్నాను గాని
ఆ రాత్రి అన్నం కెలికి వదిలేసింది.

దాని ఫోనులో ఒక ఆట.
మంచు కొండల మీద ఒంటరిగా తిరిగే ఆడమనిషి,
ఒళ్ళంతా వెండి రేకులు, తనకన్నా పొడుగు కత్తి.
నర్సాపురం కాలేజీలో వేషాల పోటీ ఉందంట,
ఆ ఒక్కరోజు తను ఆ మనిషైపోవాలంట.
మంచంటే నాకు తెలిసింది ఒకటే,
పొద్దున్నే ఆరింటికి టేబుల్ మీద కుమ్మరించేది,
గోళ్ళ సందుల్లో దూరి సాయంత్రం దాకా కదలనిది.

"ఏదీ, చూపించు" అని ఫోను లాక్కున్నాను.
భుజాలకి రేకు, మోచేతులకి రేకు,
మోకాళ్ళకి, మెడకి, ఆఖరికి చెవులక్కూడా.
పొట్ట మాత్రం ఖాళీ.
బొడ్డు కనపడేలా జానెడు చోటు వదిలేశారు.
"ఇదేంటే, ఇక్కడికొచ్చేసరికి ఇనుం అయిపోయిందా?"
"ఆటలో అంతేనమ్మా. అందం కోసం."
"కొట్టేవాడు ముందు కొట్టేది అక్కడే కదే."
అది నా వైపు చూసి
కత్తెర కింద పెట్టింది.
ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నాం.
పాలకొల్లు చెప్పుల కొట్టు యాకోబు అరువిచ్చిన నల్ల ఫోము,
చెరువు గట్టున విరిగి పడ్డ ఏరియేటర్ రెక్కలు రెండు, భుజాలకని,
మేత సంచుల దారం, ఇస్త్రీ పెట్టె,
సైకిలు షాపులో మిగిలిన సిల్వర్ పెయింటు అరడబ్బా.
చిక్కంతా నడుం దగ్గరే వచ్చింది.
ఒకటే ముక్కగా కోస్తే వంగదు,
వంగేలా కోస్తే నోరు తెరుస్తుంది.
నాలుగు షీట్లు పాడు చేసింది.
యాకోబు లెక్క నేను వేళ్ళ మీద వేసుకుంటున్నాను.

అప్పుడు లేచి, కూరకి తెచ్చిన వాటిలోంచి
ఒక రొయ్యని దాని అరచేతిలో పెట్టాను.
"ఒలవకు. వంచి చూడు."
ముందు పెంకు వెనక పెంకు మీద వాలింది,
అది దాని వెనకదాని మీద,
సందుల్లో పల్చటి పొర సాగుతూ.
పదకొండేళ్ళుగా వీటి నడుములు విప్పుతున్నాను
కిలోకింత అని.
తొడిగే పని ఇదే మొదటిసారి.

ఒకటి మాత్రం దానికి చెప్పలేదు.
అమావాస్యకి రొయ్య పాత పెంకు వదిలేస్తుంది.
కొత్తది గట్టిపడేదాకా మెత్తగా,
ఎక్కడో అడుగున నక్కి ఉంటుంది.
అప్పుడు దాన్ని తినేది కొంగలు కాదు,
పక్కనున్న రొయ్యలే.
పదహారేళ్ళ పిల్లకి ఆ సంగతి
ఎటునుంచి మొదలెట్టాలో తెలీక
ఆరో ముక్కకి అంచు సాపు చేస్తూ కూర్చున్నాను.

కొలతకి నేనే నిలబడ్డాను.
తన వీపు మీద తనే కట్టుకోలేదు కదా.
"ఊపిరి బిగబట్టకమ్మా, మామూలుగా ఉండు" అంటూ
వెనక తాళ్ళు లాగుతోంది.
నైటీ మీద వెండి రేకులు,
ఇంకా ఆరని పెయింటు వాసన.
నా చుట్టూ తిరిగి, నా కోసం, ఎవరైనా ఏదైనా కట్టి
ఎన్నేళ్ళయిందో.
పిడికిలితో పొట్ట మీద కొట్టి చూసుకున్నాను.
డబ్ మంది. లోపల ఏం తెలీలేదు.
మళ్ళీ కొట్టాను, ఈసారి గట్టిగా.
"చాల్లే, పగుల్తుంది" అని నవ్వింది.

కరెంటు పోయింది.
కాలవ గట్టు మీద బండి ఆగింది.
స్టాండు జారి, మళ్ళీ జారి, ఎలాగో నిలబడింది.
ఆ అడుగులు మాకు తెలుసు,
ఎన్ని గ్లాసుల అడుగులో కూడా తెలుసు.
తలుపు తోసి, టార్చి వేసి,
గుమ్మంలోనే ఆగిపోయాడు.
వెలుగు నా పొట్ట మీద పడి
గోడల మీదికి చిందింది.
"ఎవరది?" అన్నాడు.
గొంతు సన్నగా వచ్చింది.

నేను చెప్పలేదు.
నా వెనక కెజియా మోకాళ్ళ మీద కూర్చుని
ఎడమ పక్క తాడు
ఇంకొంచెం బిగించింది.