అతుకు మీద కూర్చున్నాం

జూలై. ఒమరూలో నడిచలికాలం.
దక్షిణపు గాలి రేకుల కింద వేళ్లు దూర్చి
ఇంటిని ఎత్తి చూస్తోంది.
అక్క బొటనవేలు మళ్లీ తట్టుకుంది,
నడవకీ ముందుగదికీ మధ్య,
కార్పెట్ ముక్కలు రెండూ కలిసే చోట.
"ఇది నన్ను చంపేదాకా ఊరుకోదు" అంది మోరగ్.
ఒక చెయ్యి గోడకి. టీ మాత్రం ఒలకలేదు.

మొదట జానెడే విచ్చింది.
ఈస్టర్ నాటికి మూరెడు.
ఇప్పుడు పాత బూటులా నోరు తెరిచి
మా ఇద్దరి కాళ్లకేసి చూస్తోంది.

మనిషిని పిలిస్తే నూట ఎనభై డాలర్లన్నాడు,
అదీ వచ్చే గురువారం, అదీ వాన లేకపోతే.
"కార్పెట్ ఇంట్లో కదా ఉంది, వానతో పనేంటి?"
అక్క అడిగింది. అతను ఫోన్ పెట్టేశాడు.

సరే. మోకాళ్ల కింద దిండు వేసుకున్నాను.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలిన మోకాళ్లు,
బ్రేకు తొక్కడమే తెలుసు, వంగడం ఎరగవు.
జిగురు టేపు, ఇస్త్రీపెట్టె, గోళ్ల కత్తెర.
పోగు లాగొద్దు, కత్తిరించండి అని
టేపు పెట్టె మీద మూడుచోట్ల రాసి ఉంది.
లాగాను.
ఒక వరస మొత్తం బుర్రున ఊడొచ్చింది,
స్వెట్టరు విప్పినట్టు.
అక్క చూడలేదు. చూసిందేమో.

అంచు వెనక్కి మడిచాను.
పాత టేపు ఎండి, చేపపొలుసుల్లా రాలుతోంది.
ఇసుక. ఒక జడపిన్ను.
ఇప్పుడు చెల్లని రెండు సెంట్ల నాణెం.
గోనెలాంటి అడుగు మీద నీలం సుద్దతో బాణాలు:
ఈ ముక్క మీద సముద్రం వైపు,
ఆ ముక్క మీద కొండ వైపు.

ఎనభై ఎనిమిదిలో మిల్లువాళ్లు మిగులు అమ్మేసినప్పుడు
కొన్నాం రెండింటినీ. ఒకే గొర్రె అనుకునేంత పోలిక.
పరిచిన మర్నాడు, సాయంత్రపు ఎండలో
ఒకటి ముదురు, ఒకటి లేత,
నడుమ సర్వేయరు గీసినట్టు గీత.
ఉన్ని వాలు తిరగబడిందన్నారు చూసినవాళ్లు.
పరిచినవాడు మా చిన్నాన్న కొడుకు లాక్లన్.
బతికున్నన్నాళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ
మాంసం ముక్కతో పాటు ఆ మాట కూడా
వడ్డించాం అతనికి.
నవ్వేవాడు. "బాణం ఎటుంటే అటే పరిచాను" అనేవాడు,
గ్రేవీ ఇటు జరపమని అడిగినంత మామూలుగా.

సుద్దతో గీసింది నేను.
కొస కొంచెం ఎడమకి వంకర.
బస్సు అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు
దారి అడిగిన పిల్లలకి గీసి చూపిన బాణం కూడా అంతే.

ఇస్త్రీపెట్టె వేడెక్కింది.
టేపు మీద ఆనించి, పది లెక్కపెట్టి, జరిపి,
దాని వెనకాలే రెండంచులనీ దగ్గరికి నొక్కుతూ పోయాను.
తడిసిన గొర్రె ప్లాస్టిక్ కోటు తొడుక్కుని
పొయ్యి పక్కన నిలబడ్డట్టు వాసన.
పోగులు జిగురులో పడతాయని
అక్క తలలోంచి దువ్వెన తీసిచ్చింది.
నడవ ఉన్నిని ఇటూ, గది ఉన్నిని అటూ దువ్వాను.
బాణాలు రెండూ కిందికి పోయాయి,
వేడివేడిగా, నోరెత్తకుండా.

అరగంట బరువు పెట్టాలట.
అట్లాసు పెట్టాం. కుట్టుమిషను.
ప్లమ్ జామ్ సీసాలు పదకొండు.
ఇంకా మూరెడు మిగిలింది.
మోరగ్ స్కర్టు సర్దుకుని దాని మీద కూర్చుంది.
"నీకూ చోటుంది, రా ఐల్సా."

కూర్చున్నాం, ఇద్దరి వీపులూ ఆనుకుని.
మబ్బు కాస్త పక్కకి జరిగి
ఎండ అయిదు నిమిషాలు లోపలికొచ్చింది.
అతుకు అతికింది. గీత పోలేదు.
"పాపం లాక్లన్" అంది అక్క,
అరచేత్తో ఉన్నిని ఒకసారి నిమిరి,
ఒకసారి ఎదురు నిమిరి,
తల ఇటు తిప్పకుండా.

అరగంట ఎప్పుడో అయిపోయింది.
ముందు ఎవరు లేచి
ఎవరికి చెయ్యందించాలో
ఇంకా తేలలేదు.