ఖాళీ బండి తూకం

యశవంతపురం మార్కెట్ యార్డులో
వేబ్రిడ్జి పక్క గదికి కిటికీ లేదు.
ఉన్న ఒక్క కంప్యూటరు
ఏళ్ళ తరబడి ఉల్లిపొట్టు పీల్చి
ఉబ్బసం మనిషిలా ఎగరోజుతుంటుంది.
దాని కోసం ఒక ప్రోగ్రాం రాయాలి:
లారీ ఎక్కితే అంకె చూపాలి,
చీటీ అచ్చెయ్యాలి. అంతే.

అంతే అనుకునే మొదలుపెట్టాను.

జయనగర్‌లో మా ఆఫీసు గోడ మీద
ఫిరోజా మూడు ఫ్రేమ్‌వర్కుల పేర్లు రాసింది.
మొదటిదాన్ని లోకమంతా వాడుతోంది
గనక మనమూ వాడాలన్నాడు కోదండపాణి.
ఒక్క బటన్ చూపించడానికి
అది బ్రౌజరంతటినీ మోసుకొస్తుంది.
పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళడం కూడా కాదు,
పెళ్ళివారిని చంకనెత్తుకుని
పిల్లిని చూడ్డానికి వెళ్ళడం.

రెండోది బుద్ధిమంతురాలే.
కాకపోతే తనకంటే ముందు
తనవాళ్ళు నలుగురొచ్చి ఇల్లు సర్దాలి,
అందుకు అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.
అది తెలిసిన కుర్రాడు మూడేళ్ళ కిందట మానేసి
హొసకోటలో బేకరీ పెట్టాడట.

మూడోదాన్ని ఎవరో ఒక్కడే రాస్తున్నాడు.
ఏడాదికోసారి, వానలు పడ్డాక పుట్టగొడుగులా
కొత్త వెర్షను.
బూడిదరంగు బటన్లు చూస్తే
రేషన్ కార్డు గుర్తొస్తుంది.
"వాడు పోతే?" అంది ఫిరోజా.
నా దగ్గర జవాబు లేదు.

టీ తాగుతూ మునియెల్లప్పకి చెప్పానిదంతా.
కోలారు మనిషి.
కన్నడంలో చీటీ రాసి తెలుగులో తిట్టుకుంటాడు.
"ముందు ఖాళీ బండి తూచినారా సారూ?
అది తీసేస్తేనే గదా
ఉల్లిగడ్డ ఎంతో తెలిసేది."

ఆ రాత్రి తూచాను.
కిటికీ లేని ఆ గది కోసం
ఏమీ చెయ్యని మూడు ఖాళీ కిటికీలు.
మొదటిది నూట నలభై ఎంబీ.
రెండోది అరవై, చుట్టాలు కాక.
మూడోది రెండు.
పెన్‌డ్రైవ్‌లో వేసి తాయెత్తులా
మెళ్ళో కట్టుకోవచ్చు.
ఈ కంప్యూటరు చస్తే
పక్కదానికి గుచ్చితే చాలు.

మర్నాడు తెర మీద, కన్నడంలో,
తన పేరు చూసుకున్నాడు:
మునియెల్‌లప్‌ప.
ఒత్తులన్నీ ఊడి పక్కకొచ్చి నిలబడ్డాయి,
గతుకుల్లో బస్తా చిరిగి జారిన గడ్డల్లా.
పొట్టు అంటిన వేలితో తెర తడిమి
"ఈయనెవురు?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది.
ఎక్కడో ఉన్న ఆ ఒక్కడు
బండి తేలిక చెయ్యడానికి
ముందుగా దించేసిన సరుకు మా అక్షరాలు.
దుర్మార్గం కాదు.
ఈ దారిలో మేమూ ఎక్కుతామని
ఎవరూ చెప్పి ఉండరు.

పదకొండు రోజులు.
అక్షరం కింద అక్షరాన్ని నిలబెట్టే లైబ్రరీని
వెతికి, కోసి, కుట్టి ఎక్కించాను.
ఎనిమిది వందల కేబీ పెరిగింది.
ఫిరోజా గోడ మీద అంకె దిద్ది
పక్కన చిన్నగా రాసింది: ఒత్తుల బరువు.
ఆ మార్పు అతనికీ పంపాను.
అక్కడింకా వానలు పడలేదు కాబోలు,
ఉలుకూ పలుకూ లేదు.

హాసన్ లారీకి మొదటి చీటీ
గరగరమంటూ బయటికొచ్చింది.
మునియెల్లప్ప బరువు చూడలేదు.
అడుగున, సంతకం చోట,
ల కింద ల, ప కింద ప
ఉన్నాయో లేదో చూసి
చింపి డ్రైవరుకిచ్చాడు.
"బండి తియ్ సామీ,
ఎనకాల ఉల్లిగడ్డ కాసుకోనుంది."